ఆదేశం అందింది, మరి పని అయిందా?

తెర వెనుక సర్వీసులను నడిపే కమాండ్‌లకు ఆప్షన్లు రూపొందించేవారు ఒకసారి రైల్వే సిగ్నల్ క్యాబిన్ వైపు చూడాలి

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్ళే దారిలో తగిలే పూరీ గేట్ రెండు లోకాలను కలుపుతుంది. ఒక పక్క బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి పట్టాలనూ వర్క్‌షాపునూ నమ్ముకున్న ఊరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలకు కొదవలేదు. మరో పక్క 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన దేశపు తొలి ఐఐటీ. అక్కడ బటన్లతో సిగ్నళ్ళను నడుపుతారు, ఇక్కడ కీబోర్డుతో కంప్యూటర్లను నడుపుతారు. చేసే పనిలో మాత్రం పోలిక ఉంది. ఎదురుగా కనిపించని యంత్రానికి ఆదేశమివ్వడం, అది అమలైందో లేదో కచ్చితంగా తెలుసుకోవడం ఇద్దరికీ తప్పదు. ఈ రెండో విషయంలో రైల్వేకున్న పట్టింపు సాఫ్ట్‌వేర్ రంగానికి ఇంకా పూర్తిగా అలవడలేదు.

మౌస్‌తో కాకుండా అక్షరాలతో కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే పద్ధతే కమాండ్ లైన్. నల్లటి తెర మీద ఒక మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే పని జరిగిపోతుంది. ఆ మాట వెనుక తగిలించే తోకలే ఆప్షన్లు. పని ఎలా చేయాలో, ఎంతవరకు చేయాలో, దేన్ని వదిలేయాలో చెప్పేవి అవే. ఒక ఫైలును కాపీ చేసే కమాండ్‌తో పేచీ లేదు. అదే మొదలుపెడుతుంది, అదే ముగిస్తుంది, తేడా వస్తే అక్కడికక్కడే చెబుతుంది.

చిక్కంతా తెర వెనుక సర్వీసుతోనే. డేటాబేస్, ప్రింటర్ క్యూ, వెబ్‌సైట్ సర్వర్ వంటివి ఎవరు చూసినా చూడకపోయినా రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటాయి. యునిక్స్ పరిభాషలో వీటిని డీమన్ అంటారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో ప్రాజెక్ట్ మ్యాక్ బృందం వాడుకలోకి తెచ్చిన పేరది. అలుపు లేకుండా అణువులను వేరు చేస్తూ కూర్చునే ఒక భూతాన్ని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించాడు. ప్రేరణ అదే. పని చూపించకపోతే యజమానినే మింగేస్తానని బెదిరించే భూతం కథ తెలుగు పిల్లలు విన్నదే. కంప్యూటర్ భూతం బెదిరించదు. పని చేసినా, చేయకపోయినా నోరు మెదపదు. ఇబ్బంది ఆ మౌనంతోనే.

సచివాలయంలో జీవో జారీ కావడానికీ, అది మండలాఫీసులో అమలు కావడానికీ మధ్య ఎంత దూరముందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. టైపు చేసే కమాండ్ జీవో అయితే డీమన్ దాన్ని అమలు చేసే యంత్రాంగం. ఈ రెంటి మధ్య దూరాన్ని దాచిపెట్టే ఆప్షన్ ఎంత ముచ్చటగా కనిపించినా ప్రమాదకరమే. ఆ దూరాన్ని ఉన్నదున్నట్టు చూపించేదే మంచి ఆప్షన్.

ఈ మాట ఎవరికి?

రూపకర్త ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఒక ఆప్షన్ డీమన్ పుట్టుకకు సంబంధించిందా, లేక ఇప్పుడు అడుగుతున్న ఒక్క పనికి సంబంధించిందా? ఈ తేడాను చులకనగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి డాకర్ మంచి ఉదాహరణ. సాఫ్ట్‌వేర్‌ను అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా డబ్బాలో సర్ది ఎక్కడికైనా పంపే ఈ పరికరం 2013లో వచ్చింది. మొదట్లో ‘డాకర్ మైనస్ డి’ అంటే డీమన్‌ను మొదలుపెట్టమని. ‘డాకర్ రన్ మైనస్ డి’ అంటే కంటెయినర్‌ను తెర వెనక్కి పంపి టెర్మినల్‌ను ఖాళీ చేయమని. అక్షరం అదే, చోటు మారితే అర్థం మారిపోయేది. మొదటిది ఇంట్లో పనిమనిషిని కుదుర్చుకోవడం లాంటిది, రెండోది ఉన్న మనిషికి ఒక పని అప్పజెప్పడం లాంటిది. రెంటికీ ఒకే సంజ్ఞ వాడితే తికమక తప్పదు.

డాకర్ బృందం దీన్ని సరిదిద్దడానికి రెండు విడతలు పట్టింది. 2015లో 1.8 వెర్షన్‌తో ‘డాకర్ డీమన్’ అనే విడి ఉపకమాండ్ వచ్చింది. 2016లో 1.12 వెర్షన్‌కు వచ్చేసరికి డీమన్ ఏకంగా ‘డాకర్‌డి’ అనే వేరే ప్రోగ్రామ్ అయింది. ఆదేశమిచ్చేవాడికీ పని చేసేవాడికీ వేర్వేరు పేర్లుంటే ఏ ఆప్షన్ ఎవరిదన్న సందేహమే రాదు.

గూగుల్ 2015లో బయటి ప్రపంచానికి విడుదల చేసిన బేజెల్ మరో దారి ఎంచుకుంది. పెద్ద పెద్ద ప్రోగ్రామ్‌లను నిర్మించే ఈ పరికరం వెనుక ఒక సర్వర్ ఉంటుంది. ‘బిల్డ్’ అనే మాటకు ముందు రాసే ఆప్షన్లు సర్వర్‌కు, తర్వాత రాసేవి ఆ ఒక్క పనికి. స్థానాన్ని బట్టి విభజన అన్నమాట. మొదట కాస్త తడబడినా, అలవాటయ్యాక తర్కం బోధపడుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురవుతుంది. డీమన్ ఇప్పటికే ఒక రకం సెట్టింగ్‌లతో నడుస్తోంది. కొత్త కమాండ్ వేరే సెట్టింగ్‌లు కోరింది. అప్పుడేం చేయాలి? మూడే దారులు. ఒకటి, విననట్టు ఊరుకోవడం. అన్నింటికన్నా చెడ్డది ఇదే. ఎందుకంటే అడిగిన మనిషి తన మాట చెల్లిందనే అనుకుంటాడు. రెండోది, పాత డీమన్‌ను ఆపి కొత్తది మొదలుపెట్టడం, ఆ మాట బాహాటంగా చెప్పడం. బేజెల్ చేసేది ఇదే. స్టార్టప్ ఆప్షన్లు మారాయి కాబట్టి సర్వర్‌ను ఆపాల్సి వస్తోందని తెర మీద ప్రకటిస్తుంది. మూడోది, ఇలా కుదరదని కారణంతో సహా తిప్పికొట్టడం.

ఏది మేలన్నది డీమన్ ఎవరిదన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కరి సొంత కంప్యూటర్‌లో నడిచే సర్వర్‌ను ఆపి మొదలుపెట్టినా నష్టం తక్కువే. పదిమంది ఆధారపడ్డ డేటాబేస్‌ను ఒకరి ఆప్షన్ కోసం ఆపితే మిగతా తొమ్మిది మంది గగ్గోలు పెడతారు. ఆండ్రాయిడ్ ఫోన్లను కంప్యూటర్‌తో కలిపే ఏడీబీ వాడేవారికి ఇది అనుభవమే. తన వెర్షన్‌కూ, నడుస్తున్న సర్వర్ వెర్షన్‌కూ పొంతన లేదని తేలితే అది పాత సర్వర్‌ను చంపేసి కొత్తది లేపుతుంది. ఒకే యంత్రంలో రెండు వెర్షన్లుంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటూ కూర్చుంటాయి. అయితే జరిగింది తెర మీద చెప్పడం దాని మంచితనం.

ఎవరికన్నది తేలాక ఎప్పటి నుంచన్న ప్రశ్న వస్తుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపించే ‘సిస్టమ్ కంట్రోల్’ కమాండ్‌లో ‘ఎనేబుల్’ అంటే యంత్రం మళ్ళీ లేచినప్పుడు ఈ సర్వీసునూ లేపమని. ‘స్టార్ట్’ అంటే ఇప్పుడే లేపమని. ఎనేబుల్ చేసి సర్వీసు నడుస్తోందనుకుని నిశ్చింతగా ఇంటికెళ్ళిన కొత్త ఉద్యోగులు ఎందరో. స్టార్ట్ మాత్రమే చేసి, కరెంటు పోయి వచ్చాక నాలిక్కరుచుకున్నవారూ అంతేమంది ఉంటారు. ‘ఇప్పుడే’ అన్న అర్థంతో ‘నౌ’ అనే ఆప్షన్‌ను తర్వాత చేర్చారు. దాంతో రెండు పనులూ ఒక్క మాటతో అయిపోతున్నాయి.

నంబరు చెప్పందే సిగ్నల్ లేదు

ఇంటర్‌లాకింగ్ లేని లెవెల్ క్రాసింగ్ దగ్గర రైల్వే పాటించే పద్ధతి ఒకటుంది. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి ఫలానా బండి వస్తోంది, గేటు వేయమని చెబుతాడు. గేట్‌మన్ ‘సరే’ అంటే సరిపోదు. గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి. వరుస క్రమం లేని అంకెలవి, ముందుగా ఊహించి చెప్పడం కుదరదు. స్టేషన్ మాస్టర్ ఆ నంబరును రిజిస్టర్‌లో రాసుకుంటాడు. వాడిన నంబరును కొట్టేస్తారు. అప్పుడు గానీ బండికి దారి దొరకదు. చెప్పడం, వినడం, చేయడం మూడూ వేర్వేరని గుర్తించిన పద్ధతి ఇది.

కమాండ్ లైన్‌లో దీనికి దగ్గరి బంధువు యునిక్స్ ప్రింటింగ్ కమాండ్ ‘ఎల్‌పీ’. కాగితం అచ్చు వేయమంటే అది వెంటనే ఒక రిక్వెస్ట్ నంబరు ఇస్తుంది. అచ్చు పూర్తయిందని అనదు. మీ అర్జీ క్యూలో చేరింది, ఇదిగో రసీదు అంటుంది. ఆ రసీదు పట్టుకుని ‘ఎల్‌పీస్టాట్’ అనే కమాండ్‌తో పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు, ‘క్యాన్సిల్’తో రద్దు చేసుకోవచ్చు. అబద్ధం లేని వ్యవహారం. పని ఆలస్యమయ్యే ప్రతి డీమన్‌కూ ఈ పద్ధతి నప్పుతుంది.

అయితే రసీదుతో సరిపెట్టుకోలేని సందర్భాలుంటాయి. డేటాబేస్ లేచాకే తర్వాతి పని మొదలవ్వాలి. అలాంటప్పుడు కమాండ్ ఆగి చూడాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను లేపే, ఆపే ‘పీజీ కంట్రోల్’ కమాండ్‌లో ఇందుకు రెండు ఆప్షన్లున్నాయి. చిన్న డబ్ల్యూ అంటే పని పూర్తయ్యేదాకా వేచి ఉండమని, పెద్ద డబ్ల్యూ అంటే వేచి ఉండొద్దని. చాలాకాలం పాటు కొన్ని పనులకు వేచి ఉండటం, మరికొన్నింటికి ఉండకపోవడం దాని స్వభావం. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి అన్ని పనులకూ వేచి ఉండటమే రివాజుగా మార్చారు. ఏ ఆప్షనూ ఇవ్వని మనిషికి అందాల్సింది అన్నింటికన్నా భద్రమైన ప్రవర్తన అన్నది ఇందులోని నీతి. తొందరున్నవాడు ఆ మాట విడిగా చెప్పుకుంటాడు.

వేచి ఉండటానికీ హద్దుండాలి. ఎంతసేపు చూడాలో చెప్పే టైమవుట్ ఆప్షన్ లేకపోతే కమాండ్ కల్పాంతం దాకా కూర్చుంటుంది. గడువు తీరినప్పుడు ఏం చెప్పాలన్నది మరో సూక్ష్మం. గడువు తీరిందంటే పని చెడిందని కాదు. ఇంకా తెలియదని. డీమన్ లోపల పని సాగుతూనే ఉండొచ్చు. కాబట్టి ముగింపు కోడ్‌లో ‘అయింది’, ‘చెడింది’ అనే రెండు రకాలే కాక ‘తెలియదు’ అనేదానికీ విడి అంకె ఉండాలి. కమాండ్‌ను మనిషి కాక మరో ప్రోగ్రామ్ పిలిచినప్పుడు దానికి తెలిసేది ఆ అంకె ఒక్కటే. తెలియనిదాన్ని చెడినదిగా లెక్కేసి ఆ ప్రోగ్రామ్ అదే పనిని రెండోసారి చేయిస్తే, ఒక బిల్లుకు రెండు చెల్లింపులు జరిగినా ఆశ్చర్యం లేదు.

ఆపడంలో అంతస్తులు

మొదలుపెట్టడం కన్నా ఆపడమే కష్టం. డీమన్ చేతిలో ఎవరెవరి పనో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ ఇక్కడ కూడా పాఠం చెబుతుంది. దాన్ని ఆపడానికి మూడు పద్ధతులున్నాయి. ‘స్మార్ట్’ అంటే కొత్తవారిని రానివ్వకుండా, ఉన్నవారంతా వెళ్ళేదాకా ఎదురుచూస్తుంది. ‘ఫాస్ట్’ అంటే సగంలో ఉన్న లావాదేవీలను వెనక్కి తీసుకుని, అందరినీ పంపించి, తలుపు సక్రమంగా వేస్తుంది. ‘ఇమ్మీడియట్’ అంటే ఉన్నపళంగా పడిపోతుంది. తర్వాత లేచినప్పుడు లెక్కలు సరిచూసుకుంటుంది. ఏ పద్ధతీ చెప్పకపోతే మొదట్లో స్మార్ట్‌నే పాటించేది. ఒక్క క్లయింట్ కదలకుండా కూర్చుంటే సర్వర్ ఎంతకీ ఆగేది కాదు. 9.5 వెర్షన్‌లో ఆ స్థానం ఫాస్ట్‌కు ఇచ్చారు. మూడు పద్ధతులకూ అర్థమయ్యే పేర్లు పెట్టడం, ఏది ఏం పోగొడుతుందో ముందే చెప్పడం ఇక్కడి విశేషం.

ప్రమాదకరమైన ఆప్షన్‌ను ఎలా కాపాడకూడదో ‘క్రాన్‌టాబ్’ చూపిస్తుంది. ఏ గంటకు ఏ పని చేయాలో ‘క్రాన్’ డీమన్‌కు చెప్పే పట్టిక అది. మైనస్ ఇ అంటే పట్టికను దిద్దడానికి తెరవమని, మైనస్ ఆర్ అంటే మొత్తం తుడిచేయమని. కీబోర్డు మీద ఈ, ఆర్ అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి. వేలు కాస్త జారితే ఏళ్ళ తరబడి పేర్చుకున్న పట్టిక ఒక్క ప్రశ్న కూడా లేకుండా మాయం. అడిగి తుడవమనే మైనస్ ఐ ఆప్షన్‌ను కొన్ని వ్యవస్థల్లో తర్వాత చేర్చారు. కానీ వేలు జారేవాడికి ఆ ఆప్షన్ ముందుగా ఇవ్వాలన్న ధ్యాస ఎందుకుంటుంది?

రైల్వే ప్యానెల్ మీద అత్యవసర బటన్ల సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. బండి కోసం కేటాయించిన రూటును అర్ధంతరంగా రద్దు చేయాల్సి వస్తే బటన్ ఉంటుంది. నొక్కిన వెంటనే రూటు విడుదల కాదు. రెండు నిమిషాల వ్యవధి ఉంటుంది, అప్పటికే బండి దగ్గర పడి ఉంటే ప్రమాదం కాబట్టి. నొక్కిన ప్రతిసారీ పక్కనున్న కౌంటర్ ఒక అంకె పెరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పడానికి లేదు. ఎందుకు నొక్కారో రిజిస్టర్‌లో రాయాలి. ‘ఫోర్స్’ పేరుతో అడ్డూఅదుపూ లేని ఆప్షన్లను విచ్చలవిడిగా పెట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి కౌంటర్ అరుదు. బలవంతాన్ని నిషేధించనక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు, దేని మీద వాడారో లాగ్‌లో చెరగకుండా ఉంటే చాలు, వాడేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ప్యానెల్ చెప్పేది నిజమేనా?

ఇక మిగిలింది స్థితిని చెప్పే ఆప్షన్. చూడటానికి అన్నింటికన్నా అమాయకమైనది, నిజానికి అన్నింటికన్నా బరువైనది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ జంక్షన్‌లో పాత రిలేల స్థానంలో 800 రూట్లను సంభాళించే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ వచ్చింది. అలాంటి వ్యవస్థలో స్టేషన్ మాస్టర్ కోరేది రూటు మాత్రమే. పట్టా ఖాళీగా ఉందా, పాయింట్లు సరైన దిక్కుకు తిరిగి బిగుసుకున్నాయా, గేటు మూసి ఉందా అన్నవి యంత్రం చూస్తుంది. తెర మీద వెలిగే గుర్తు ఇచ్చిన ఆదేశానికి ప్రతిధ్వని కాకూడదు. పట్టా దగ్గర నుంచి వచ్చిన సమాచారమై ఉండాలి.

ఆ సూత్రం తెగితే ఏమవుతుందో 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ దగ్గర దేశం చూసింది. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. ఖరగ్‌పూర్ మీదుగా విశాఖ, విజయవాడల వైపు బయల్దేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ మెయిన్ లైన్ చూపించింది. పాయింట్ మాత్రం గూడ్సు బండి నిలిచి ఉన్న లూప్ లైన్ వైపు తిరిగి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు బారియర్ మార్చే పనిలోనూ, అంతకుముందు జరిగిన సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లోనూ వైరింగ్ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. పెట్టెలో తీగలకు తగిలించిన లేబుళ్ళు తప్పుగా ఉన్న సంగతి కూడా బయటపడింది. వ్యవస్థ నమ్మింది లేబుల్ చెప్పిన మాటను. బండి నడిచింది తీగ కలిపిన దారిలో.

సాఫ్ట్‌వేర్‌లో అంత ఘోరం అన్నిసార్లూ జరగదు. కానీ లోపం తీరు అదే. చాలా డీమన్లు తాము లేవగానే తమ ప్రాసెస్ నంబరును ఒక ఫైలులో రాసుకుంటాయి. ఆ ఫైలు ఉంది కాబట్టి డీమన్ నడుస్తోందని చెప్పే స్టేటస్ ఆప్షన్లు కోకొల్లలు. డీమన్ ఎప్పుడో కూలిపోయి ఉండొచ్చు. అదే నంబరు వేరే ప్రోగ్రామ్‌కు దక్కి ఉండొచ్చు. ఫైలు ఒక లేబుల్ మాత్రమే. నిజం తెలియాలంటే డీమన్‌నే పలకరించాలి, ఎప్పుడు లేచావు, ఏ వెర్షన్‌వి, ఏ సెట్టింగ్ ఫైలు చదివావు, చేతిలో ఎన్ని పనులున్నాయని అడగాలి. బదులు రాకపోతే రాలేదనే చెప్పాలి.

సెట్టింగ్‌లు మార్చినప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎంజినెక్స్ వెబ్ సర్వర్‌కు ‘రీలోడ్’ సంకేతం పంపితే కమాండ్ చప్పుడు లేకుండా ముగుస్తుంది. కొత్త సెట్టింగ్‌లను తీసుకోవడంలో సర్వర్‌కు ఆటంకం ఎదురైతే అది పాతవాటితోనే కొనసాగుతుంది, ఫిర్యాదు లాగ్‌లో రాస్తుంది. వెబ్‌సైట్ పడిపోకుండా కాపాడే మంచి నిర్ణయమే. కానీ లాగ్ చూడని మనిషి కొత్తవే నడుస్తున్నాయనుకుంటాడు. ముందుగా మైనస్ టి ఆప్షన్‌తో సెట్టింగ్‌లను పరీక్షించుకునే వీలు ఉండటం కొంత ఊరట. డీమన్‌ను తాకకుండా సరిచూసుకునే ఇలాంటి ఆప్షన్ ప్రతి సర్వీసుకూ ఉండి తీరాలి.

ఇవన్నీ తర్వాత దిద్దుకోవచ్చులే అనుకోవడం రూపకర్తలకు పరిపాటి. దిద్దుకోవడం అంత సులువు కాదు. ఒక ఆప్షన్ విడుదలైన మర్నాటి నుంచే దాన్ని నమ్ముకుని ఎక్కడెక్కడో స్క్రిప్టులు పుట్టుకొస్తాయి. మార్చితే అవి విరిగిపోతాయి. మార్చకపోతే తప్పు కొనసాగుతుంది. ఒక్క అక్షరం చిక్కు విప్పడానికి డాకర్‌కు మూడేళ్ళు పట్టింది.

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో రాత్రి షిఫ్టులో వేరే దేశపు సర్వర్లకు కాపలా కాసే తెలుగు కుర్రాళ్ళకు ఈ ఆప్షన్లు రాసినవారెవరో తెలియదు. తెల్లవారుజామున మూడు గంటలకు అలారం మోగినప్పుడు వారి ముందుండేది నల్లటి తెర, దాని మీద ఒక వాక్యం. సర్వీసు నడుస్తోందని ఆ వాక్యం చెబితే నమ్మి నిద్రపోతారు. ఆ నమ్మకానికి పూచీ పడవలసింది వాక్యం రాసినవాడే.